సద్దిమూటతో విహారయాత్ర

(వరంగల్లు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల కొరకు ఒక పాఠము)

విహారయాత్ర అను మాట వినగానే అది ఉద్యోగస్థులకును, ధనవంతులకును చెందిన విషయమని మన గ్రామములలో పలువురు తలంచుచున్నారు. ఏడాది పొడుగునా పొలమునందును ఇంటియందును కష్టించు కుటుంబము ఒక్క దినము పని విడిచి, పిల్లలను వెంటబెట్టుకొని నాలుగు చోట్లు చూచి వచ్చినచో దానిని దుబారా యని విమర్శించువారును కలరు. అయితే ఆ విమర్శించు కుటుంబములే జాతర వచ్చినప్పుడు అప్పు చేసి వాహనము మాట్లాడుకొని, మరుసటి పంట వరకు వడ్డీ కట్టుచుండుట మనము చూచుచున్నాము. ఏమియు ఖర్చు చేయకుండుట ఒక కొస. లెక్కలేకుండ ఖర్చు చేయుట మరియొక కొస. ఈ రెండింటి నడుమ సుఖమైన దారి యొకటి కలదు. విహారమునకు ముఖ్యముగా కావలసినది ధనము కాదు, ముందుచూపు. ఒక కుటుంబము తనంతట తాను చేసికొనలేని ఏర్పాటును గ్రామము కలసి చేసికొనగలదు. అందుచేతనే ఈ విషయము పంచాయతీ సభ్యులు ఆలోచింపదగినది.

విశ్రాంతి విలాసము కాదు

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10వ తేదీన ప్రకటించిన మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణము విశ్రాంతిని, తీరికను ప్రతి మానవుని హక్కుగా పేర్కొన్నది. అంతకు పూర్వమే, 1936లో, ఫ్రాన్సు దేశమునందు కార్మికులకు ఏడాదికి రెండు వారముల వేతనముతో కూడిన సెలవు చట్టరీత్యా లభించినది. సెలవు దొరికినను ప్రయాణ వ్యయము భరింపలేనివారి కొరకు ఆ ప్రభుత్వము ఆ ఏడే రైలు టిక్కెట్టుపై నూటికి నలుబది వంతుల తగ్గింపు ఇచ్చినది. అంతవరకు సముద్రమును ఎరుగని ఎన్నో కార్మిక కుటుంబములు ఆ వేసవిలో మొదటిసారి సముద్రతీరమునకు పోయినవి. సెలవు, ప్రయాణ సౌకర్యము అను రెండును కలసినప్పుడే పేదవానికి విహారము సాధ్యమగునని దీనివలన తెలియుచున్నది.

మన గ్రామములలో వ్యవసాయ కూలికి సెలవుచీటి లేదు. రైతునకు సెలవిచ్చు అధికారి వానయే. ఇంటి ఇల్లాలి సంగతి చెప్పనక్కరలేదు. పండుగ దినమున ఆమెకు పని రెట్టింపగును. అయినను మన పెద్దలు ఈ అవసరమును గుర్తింపకపోలేదు. కార్తిక మాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము, బతుకమ్మ పండుగకు ఊరి చెరువు కట్టపై ఆటపాట, మాఘ మాసమున జాతర - ఇవన్నియు పని విడిచి నలుగురు కలసి బయటకు వెడలుటకు ఏర్పరచిన ఆచారములే. వనభోజనమునకు ఎవరును అప్పు చేయలేదు. ఇంటింటి నుండి ఒక వంటకము వచ్చినది, చెట్టు నీడ ఇచ్చినది. నేటి విహారయాత్రకును ఇదియే మంచి నమూనా.

మన ముంగిట నున్నవి

దూరపు కొండలు నునుపు అని సామెత. హైదరాబాదు చూచి వచ్చినవారు సైతము మన ప్రాంతమున రామప్ప గుడిని చూడనివారు అనేకులు కలరు. దేశదేశముల నుండి యాత్రికులు వచ్చి చూచుచున్న చోటును పొరుగు మండలములో పుట్టి పెరిగిన బాలిక చూడకుండుట మనకు గౌరవము కాదు.

ఒక దినములో చూడదగినవి హనుమకొండ, వరంగల్లులలో ఉన్నవి. హనుమకొండ వేయిస్తంభముల గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163 ప్రాంతమున కట్టించెను. శివుడు, విష్ణువు, సూర్యుడు అను మువ్వురకు మూడు గర్భగృహములు కలిగిన త్రికూటాలయమిది. బస్సు నిలయము నుండి నడచి పోగల దూరముననే ఉన్నది. పిమ్మట భద్రకాళి ఆలయము, దాని ప్రక్కనున్న చెరువు చూచి, వరంగల్లు కోటకు పోవచ్చును. కోటలో నాలుగు వైపుల నిలిచిన కీర్తితోరణములు, వాని నడుమ పడియున్న శిల్పములు, మట్టికోట, రాతికోట, ఖుష్ మహలు చూడవలసినవి. కోటలో కేంద్ర పురావస్తు శాఖవారి ప్రవేశ రుసుము కలదు. పదునైదేండ్ల లోపు పిల్లలకు లేదు. ఎండాకాలమున ఈ వరుసను తిరుగవేసి, నీడ తక్కువగా నుండు కోటను ఉదయముననే చూచుట మేలు.

రెండవ యాత్ర రామప్పకు. ములుగు జిల్లా పాలంపేట గ్రామమునందలి ఈ ఆలయము హనుమకొండకు సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని 1213లో ప్రతిష్ఠించినట్లు శాసనము చెప్పుచున్నది. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. పిల్లలకు మూడు విషయములు చూపి చెప్పవలెను. మొదటిది, పునాదిలో ఇసుక నింపి, దానిపై ఇంత రాతిభారమును నిలిపిన విధానము. రెండవది, శిఖరమునకు వాడిన తేలిక ఇటుకలు. మూడవది, చూరు క్రింద నల్లరాతిలో చెక్కిన మదనికల నృత్యభంగిమలు. పిమ్మట సమీపముననే యున్న రామప్ప చెరువు కట్టపై కూర్చుండి సద్ది విప్పుకొనవచ్చును.

పంచాయతీ సభ్యులు ఈ చెరువును వేడుకకే గాక పాఠముగా కూడ చూడవలెను. గుట్టల నడుమ తెరపి యున్న చోటును వెదకి, అక్కడ కట్ట పోసి, తక్కువ శ్రమతో ఎక్కువ నీరు నిలుపుట కాకతీయుల పద్ధతి. నర్సంపేట సమీపమున పాఖాల చెరువు, గోవిందరావుపేట మండలమున లక్నవరము చెరువు ఈ పద్ధతికే నిదర్శనములు. పాఖాలయందు అడవి, నీరు కలసి కనులకు చల్లదనమిచ్చును. లక్నవరములో నీటి నడుమ దీవులు, వానికి పోవు వ్రేలాడు వంతెన పిల్లలను ఆకర్షించును. గుడి, చెరువు, పంట అను మూడింటిని కలిపి కట్టిన ఆ కాలపు బుద్ధిని ఈ చోట్లనే తెలిసికొనవలెను.

చదువుకొను పిల్లలున్న కుటుంబములకు మూడవ యాత్ర పాలకుర్తి. పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధికెక్కిన పాలకుర్తియందు కొండపై సోమేశ్వరాలయము కలదు. ఆ మండలమునందే పోతనామాత్యుని బమ్మెర గ్రామమున్నది. పాఠ్యపుస్తకములో చదివిన కవి మన పొలముల నడుమనే నివసించెనని తెలిసిన పిల్లవానికి పుస్తకముపై మమకారము పెరుగును.

ఖర్చును అదుపులో నుంచుట

యాత్రా వ్యయము సాధారణముగా నాలుగు ద్వారముల గుండా పోవును: ప్రయాణము, భోజనము, బస, బజారు.

ప్రయాణము: తెలంగాణ రాష్ట్రమున 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద బాలికలకును, స్త్రీలకును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకును ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర పరిమితిలో ఉచిత ప్రయాణము లభించుచున్నది. రాష్ట్రవాసులమని తెలుపు గుర్తింపు కార్డు చూపి జీరో టిక్కెట్టు తీసికొనవలెను. దీని ఫలితమును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. భర్త, భార్య, అత్త, పదునాలుగేండ్ల కుమార్తె, ఎనిమిదేండ్ల కుమారుడు గల కుటుంబమును తీసికొందము. పూర్వము వీరికి నలుగురికి పూర్తి టిక్కెట్లు, బాలునికి అర టిక్కెట్టు, వెరసి నాలుగున్నర టిక్కెట్లు కావలసియుండెను. ఇప్పుడు భర్తకు ఒకటి, బాలునికి అర, వెరసి ఒకటిన్నర చాలును. రానుపోను తొమ్మిది టిక్కెట్ల స్థానమున మూడు టిక్కెట్లు. ఈ కుటుంబమే జీపు కిరాయికి మాట్లాడుకొన్నచో ఈ లాభమంతయు పోవును.

అయితే ప్రతి బస్సును గుడి ముంగిటి వరకు పోదు. కొన్ని ములుగు వరకు, కొన్ని పెద్దరోడ్డు కూడలి వరకు మాత్రమే పోవును. అక్కడ నుండి ఆటోకు ఎంత, తిరిగి వచ్చుటకు చివరి బస్సు ఎన్ని గంటలకు అను రెండు విషయములను బయలుదేరుటకు ముందే డిపోలో విచారింపవలెను. చివరి బస్సు తప్పిన కుటుంబము ఆ రాత్రి చెల్లించు వాహన కిరాయి యాత్ర ఖర్చంతటిని మించవచ్చును.

భోజనము: సద్దిమూట కట్టుకొని పోవుట మన ఆచారము. దానిని నామోషీగా భావింపరాదు. పులిహోర, సర్వపిండి, సకినాలు దినమంతయు చెడకుండును. పెరుగన్నము, గ్రుడ్లు మధ్యాహ్నము లోపలనే తినివేయవలెను. మనిషికి కనీసము రెండు లీటర్ల మంచినీరు తీసికొని పోవలెను. ఇంటి వంట తీసికొనిపోవుట వలన ఇల్లాలికి పని పెరుగునని మరువరాదు. కావున ముందునాటి రాత్రి వంటయందు పురుషులును, ఎదిగిన పిల్లలును పాలు పంచుకొనవలెను. పది కుటుంబములు కలసి పోవునప్పుడు ఇంటికొక వంటకము పంచుకొన్నచో ఎవరికిని భారము కాదు.

బస: మన ప్రాంతపు యాత్రలలో అధికభాగము ఒక్క దినముననే ముగియును. తెల్లవారుజామున బయలుదేరి దీపాలవేళకు ఇల్లు చేరునట్లు ఏర్పాటు చేసికొన్నచో బస ఖర్చు ఉండదు. ఒక దినములో రెండు చోట్లు చాలును. అయిదు చోట్లు చూడవలెనని పరుగెత్తు కుటుంబమునకు బస్సు కిటికీ తప్ప మరేమియు కనబడదు.

బజారు: పిల్లలు బొమ్మలకు, తినుబండారములకు ఆశపడుట సహజము. వారిని కసరుకొనుట కంటె, ఇంటివద్దనే ఒక్కొక్కరికి కొంత సొమ్ము చేతికిచ్చి, "ఇది నీది, ఆలోచించి ఖర్చు చేయుము" అని చెప్పుట మంచిది. వారికి ఆనందము, పొదుపు రెండును అలవడును.

ఇట్టి యాత్ర కొరకు ఇంటిలో ఒక గురిగి పెట్టి, లేక మహిళా సంఘమునందు విడిగా నెలకు 200 రూపాయలు దాచినచో ఆరు నెలలకు 1,200 రూపాయలగును. ఉదాహరణకు దానిని ఇట్లు పంచుకొనవచ్చును: ప్రయాణమునకు 400, వంట సామగ్రికి 300, ప్రవేశ రుసుము, దైవదర్శనములకు 150, పిల్లల చేతికి 150, అత్యవసరమునకు 200. ఊరిని బట్టి, కుటుంబమును బట్టి ఈ అంకెలు మారును, పద్ధతి మారరాదు. అత్యవసరమునకు ఉంచిన సొమ్ము మిగిలినచో అదియే తరువాతి యాత్రకు మొదటి మదుపు.

మేడారము: రెండేండ్ల గడువు

సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్ల కొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి సమయమున నాలుగు దినములు జరుగును. 1996లో దీనికి రాష్ట్ర పండుగ హోదా లభించినది. వరంగల్లు ప్రాంతపు కుటుంబములకు ఇది మొక్కు మాత్రమే కాదు, కుటుంబమంతయు కలసి కదలు పెద్ద ప్రయాణము కూడ. అప్పు పుట్టుటకు ఎక్కువ అవకాశమున్నదియు ఇక్కడనే.

వాహన కిరాయి, మేక, చుట్టములకు విందు, మద్యము - వీనిలో తల్లులు కోరినది ఏది, మనము పెంచుకొన్నది ఏది అని ఇంటిలో ఒకసారి విచారించుకొనవలెను. తల్లులకు సమర్పించు "బంగారము" బెల్లమే. అమ్మవార్ల దర్శనమునకు ఖరీదైన కానుక అవసరము లేదని దీనికంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? జాతర మరల రెండేండ్లకు వచ్చునని అందరికి తెలియును. అప్పు మాత్రము ముందునాటి రాత్రి చేయుచున్నాము. ఈ జాతర ముగిసిన నెల నుండియే నెలకు 150 రూపాయలు దాచినచో ఇరువదినాలుగు నెలలకు 3,600 రూపాయలగును. అప్పుడు వడ్డీ ఉండదు, తిరిగివచ్చిన పిమ్మట దిగులు ఉండదు. రద్దీని భరింపలేని వృద్ధులను, చంటిపిల్లల తల్లులను జాతరకు కొన్ని వారముల ముందుగానో తరువాతనో తీసికొనిపోయి దర్శనము చేయించుట మరింత సుఖము.

కాలము, క్షేమము

మన పంటల క్రమమును బట్టి యాత్రకు దినము నెన్నుకొనవలెను. ప్రత్తి తీత, వరికోత సాగు దినములలో దూరప్రయాణము పెట్టుకొన్నచో కూలియు పోవును, మనసును నిలువదు. ఆ రోజులలో ఊరి పల్లె ప్రకృతి వనములోనో, చెరువు కట్టపైననో ఒక సాయంకాలపు వనభోజనము చాలును. పెద్ద యాత్రను కోతలు ముగిసి చలి తగ్గు దినములకు ఉంచుకొనవలెను. వైశాఖ, జ్యేష్ఠముల ఎండలో చిన్నపిల్లలను, వృద్ధులను రాతిప్రాంగణములలో త్రిప్పరాదు.

వానాకాలమున చెరువులు నిండి అందముగా నుండును, అపాయమును అంతే. 2023 జూలై 27 ఉదయమునకు ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. ఆ దినములలో ఆ ప్రాంతపు వాగులు ఊళ్లనే ముంచివేసినవి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న దినమున యాత్ర మానుకొనవలెను. రోడ్డుపై పారు వాగును లోతు తక్కువయని తలచి దాటరాదు. చెరువులలో, జలపాతముల క్రింద స్నానము నిషేధించిన చోట దిగరాదు. ఈత వచ్చినవాడు సైతము తెలియని నీటిలో నిస్సహాయుడే.

మరియొక ముఖ్య విషయము. తక్కువ ఖర్చని ట్రాక్టరు ట్రాలీలలోను, సరకుల వాహనములలోను స్త్రీలను, పిల్లలను ఎక్కించుకొని పోవుట మన ప్రాంతమున ఇంకను కనబడుచున్నది. సరకుల వాహనములో ప్రయాణికుల నెక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో బీమా పరిహారము లభించుటయు కష్టమగును. ఆదాయేతర మార్గములలోకెల్ల మిక్కిలి ఖరీదైన పొదుపు ఇదియే. పంచాయతీ సభ్యుడు తన ఊరి నుండి ఇట్టి వాహనము కదలకుండ చూచినచో అది ఎన్నో శంకుస్థాపనలకంటె గొప్ప సేవ. 108, 112 సంఖ్యలను ప్రతి పెద్దవారును, ఎదిగిన పిల్లలును గుర్తుంచుకొనవలెను. చిన్నపిల్లల జేబులో తల్లిదండ్రుల ఫోను సంఖ్య వ్రాసిన చీటీ ఉంచవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ పనులకు పంచాయతీ నిధులు ముట్టనవసరము లేదు, ముట్టరాదు కూడ. వీధిదీపమునకు, త్రాగునీటికి ఉద్దేశించిన సొమ్ము విహారమునకు చెల్లదు. కావలసినది పెద్దరికము మాత్రమే.

1. పంచాయతీ కార్యాలయపు గోడపై హనుమకొండ, ములుగు, నర్సంపేట, పాలకుర్తి వైపు పోవు మొదటి బస్సు, చివరి బస్సు వేళలను వ్రాయించి, మారినప్పుడెల్ల దిద్దించవలెను.

2. ఏడాదికి రెండు సామూహిక యాత్రలను నిర్ణయించి, రెండు నెలలు ముందుగా గ్రామసభలో తెలుపవలెను. వాడవాడ నుండి కుటుంబములు చేరునట్లు చూడవలెను. ఒక కులమువారికో, ఒక పక్షమువారికో పరిమితమైనది గ్రామయాత్ర కాదు.

3. ఆర్టీసీ బస్సును అద్దెకు తీసికొనుట మేలా, మామూలు బస్సులలో పోవుట మేలా అని లెక్క వేయవలెను. అద్దె బస్సునకు కిరాయి మొత్తము చెల్లింపవలసియుండును గనుక, స్త్రీలు ఎక్కువగా ఉన్న బృందమునకు మామూలు బస్సే చౌక. వృద్ధులు ఎక్కువగా నున్నచో అద్దె బస్సు సుఖము.

4. ఒంటరి వృద్ధులను, వితంతువులను, వికలాంగులను ముందుగా అడుగవలెను. పిలువనిదే వారు రారు; "మేమెందుకులే" అందురు. వారి ప్రక్కన నడచుటకు ఒక్కొక్క యువకుని నియమింపవలెను.

5. పాఠశాల ఉపాధ్యాయులను ఆహ్వానించి, చూడబోవు చోటును గురించి ముందునాడు పిల్లలకు చెప్పించవలెను.

6. వసూలైన సొమ్మునకు, అయిన ఖర్చునకు లెక్క వ్రాసి, తదుపరి గ్రామసభలో చదివి వినిపించవలెను. మిగిలిన సొమ్మును పంచి ఇచ్చినచో రెండవ యాత్రకు జనము తామే వత్తురు.

ఆతిథ్యమిచ్చు గ్రామములు

యాత్రాస్థలముల సమీపమున నున్న పంచాయతీలకు వేరొక బాధ్యత కలదు. మనము అతిథులుగా పోవునప్పుడు కోరునవే మన ఊరికి వచ్చినవారికి సమకూర్చవలెను. శుభ్రమైన త్రాగునీరు, స్త్రీలకు తలుపు గడియ పడు మరుగుదొడ్డి, నీడ, ధరల పట్టిక - ఈ నాలుగును ఉన్నచో పేద కుటుంబము ధైర్యముగా వచ్చును. మహిళా సంఘములు భోజనశాలలు నడిపినచో ఊరికి ఆదాయము, యాత్రికునికి న్యాయమైన ధర లభించును. మన రాష్ట్రపు భూదాన్ పోచంపల్లి తన చేనేత వలన 2021లో ప్రపంచ పర్యాటక సంస్థచే ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నికైనది. గ్రామము తన పనిని, తన పద్ధతిని శ్రద్ధగా నిలుపుకొన్నచో చూచుటకు లోకము వచ్చునని దీనివలన గ్రహింపవలెను.

అతిథులకును ధర్మమున్నది. అడవిలో నిప్పు రాజేసి విడిచిపోరాదు. శిల్పములపై పేర్లు చెక్కరాదు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసికొనిపోవలెను. ఎనిమిది వందల ఏండ్లు నిలిచిన రాతిపై ఒక్క నిముషపు సరదాకు గీత గీయుట తాతల ఆస్తిని పాడుచేయుట వంటిది.

రోడ్డు, దీపము, నీరు ఊరి అవసరములు. ఊరివారి ముఖమున సంతోషము కూడ ఊరి అవసరమే. అప్పు లేకుండ, అపాయము లేకుండ ప్రతి కుటుంబము ఏడాదికి ఒక్క దినమైనను కలసి బయటకు వెడలునట్లు చేయుట పంచాయతీకి అసాధ్యము కాదు. ఆ దినమున ఇల్లాలు వడ్డించుటకు కాక తినుటకు కూర్చుండవలెను. పిల్లవాడు తండ్రిని పనివానిగా కాక తోడుగా చూడవలెను. అదియే యాత్రా ఫలము.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున రామప్ప గుడిని ఇంతవరకు చూడని కుటుంబములు ఎన్ని? చూడకుండుటకు కారణము ధనమా, సమయమా, తోడు లేకుండుటయా?

2. గత జాతరకు అప్పు చేసిన కుటుంబములు ఏ ఖర్చు కొరకు చేసినవి? అందులో ముందుగా దాచుకొని తీర్చగలిగినది ఎంత?

3. మన ఊరి నుండి హనుమకొండకు పోవు మొదటి బస్సు, అక్కడ నుండి తిరిగి వచ్చు చివరి బస్సు వేళలు ఏవి? అవి చాలనిచో డిపో అధికారికి గ్రామసభ తీర్మానమును పంపితిమా?

4. మన గ్రామ పరిధిలో కుటుంబములు ఒక సాయంకాలము గడుపదగిన చోటు ఏది? అక్కడ నీడ, నీరు, శుభ్రత కలవా?